మీటల వరుస, అక్షరాల చోటు

వరుస తప్పిన వస్తువును గుర్తించడానికి పెద్ద చదువు అక్కరలేదు. పంక్తి భోజనంలో ఒక విస్తరి జానెడు ముందుకు జరిగితే వడ్డించేవాని కాలు దానికే తగులుతుంది. చేనిలో ఒక సాలు వంకరపోతే దారిన పోయే రైతు గట్టుమీద నిలబడి, ఈ సాలు తోలినది ఎవరని అడిగి మరీ పోతాడు. ధర్మవరపు మగ్గం మీద ఒక పోగు దాటితే చీర అంచున పువ్వు రేకు విరుగుతుంది. వరుస కంటికి ఇంపు. పని సాగడానికి ఆధారం కూడాను.

ఈనాడు నేను ముచ్చటించదలచినది ఇటువంటి వరుసను గూర్చియే. అయితే అది చేనిలోనిది కాదు, మగ్గం మీదిదీ కాదు. మనందరి చేతులలోనికి వచ్చిన ఫోను తెరమీదిది. ఆ తెరపై ఒక వెబ్ పేజీ తెరిచినప్పుడు అందులో మీటలు, అనగా వాడుకలో మనం బటన్లు అంటున్నవి, గడులు, బొమ్మలు, మాటలు ఒక్కొక్కటి ఒక్కొక్క చోట కుదురుకొని కనబడతవి. వాటిని ఆ చోట కుదిర్చే భాషకు సి.ఎస్.ఎస్. అని పేరు. కనబడని రేడియోలో కంటితో చూడవలసిన వస్తువును గూర్చి చెప్పబూనడం సాహసమే. శ్రోతలు ఒక్క నిమిషం కన్నులు మూసికొని, నేను చెప్పే పుటను మనస్సులో గీసికొనవలెనని కోరుతున్నాను.

ముందుగా ఒక చిన్న సంగతి చెబుతాను. మా బంధువులలో ఒక పెద్దమ్మ ఉన్నది. కళ్యాణదుర్గం వైపు పల్లెలో ఆమెకు నాలుగెకరాల ఎర్రనేల. సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ పీఠభూమిలో, ముంగారు వాన పడిన తరువాత నేలలో పదును నిలిచేది రెండు మూడు దినాలు. ఆ పదునులోనే విత్తు పడవలెను. రెండేండ్ల క్రిందట అటువంటి వాన పడిన మరునాడు, రాయితీ మీద విత్తనపు కాయలకు పేరు నమోదు చేసికొనడానికి ఆమె ఫోను ముందు కూర్చున్నది. నేను ఆనాడు ఆ ఊరిలోనే ఉన్నాను. ఆ పుట ఎవరిది అన్నది ఇక్కడ అనవసరం. గంటసేపు శ్రమించి, పేరు, పొలం నంబరు, విస్తీర్ణం, బ్యాంకు ఖాతా అన్నీ మనుమని చేత నింపించినది. చివరకు వచ్చేసరికి మనుమని ఎవరో పిలిచినారు. పుట అడుగున ఒకే ఒక మీట కనబడుచున్నది. దానిమీది మాట సగం తెగిపోయి ఉన్నది.

"ఏది ఒత్తల్ల నాయనా?" అని నన్ను అడిగినది. నేను లేచి వచ్చే లోపలనే, "ఉండేది ఒక్కటే గదా" అని దానిని నొక్కినది. నింపిన వివరాలన్నీ మాయమైనవి. అది 'రద్దు' అన్న మీట.

'సమర్పించు' అన్న మీట ఏమైనదని తరువాత వెదకి చూచినాను. అది ఆ పుటలోనే ఉన్నది; కాని తెరకు ఎక్కలేదు. కారణం ఇది. ఆ పుటను అల్లిన వారు రెండు మీటలనూ ఇంగ్లీషు మాటల కొలతకు గీసినారు. ఆ మీటలుండే పెట్టెకు ఎత్తు ఇంత అని బిగించి, దానిని దాటినది కనబడకూడదని కూడా శాసించినారు. పెద్దమ్మకు చూపు ఆనదని మనుమడు ఫోనులోని అక్షరాలను పెద్దవి చేసి పెట్టినాడు. అక్షరాలు పెరిగినవి, తెలుగు మాట వెడల్పయినది, రెండు మీటలూ ఒకే వరుసలో పట్టక 'సమర్పించు' క్రింది వరుసకు జారినది. క్రింది వరుసకు ఆ పెట్టెలో చోటు లేదు. మిగిలిన 'రద్దు' అన్న మాటకు కూడా దకారం క్రింది వత్తు తెగిపోయి, 'రదు' అని మాత్రమే మిగిలినది. 'రదు' అంటే ఏమిటో ఆమెకే కాదు, ఎవరికీ తెలియదు.

మళ్ళీ మొదటినుండి నింపబోయే వేళకు సిగ్నలు పోయినది. పని మరునాటికి ముగిసినది; కాయలు చేతికి అందేసరికి పదును ఆరిపోయినది. పదును ఆరడానికి ఆ మీట ఒక్కటే కారణమని నేను అనను. కాని ఒక దినం పోయినది మాత్రం దానివల్లనే. ఈ నేలలో ఆ దినం విలువ ఎంతో ఈ ప్రసంగం వినే రైతులకు నేను చెప్పనవసరం లేదు.

ఇక విషయానికి వద్దాము. వెబ్ పుటకు రెండు అంగాలున్నవి. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది మీట అని వస్తువులను పేర్కొనేది మొదటిది. దాని పేరు హెచ్.టి.ఎం.ఎల్. ఆ వస్తువులు ఏ రంగులో, ఏ కొలతలో, ఏ చోట ఉండవలెనో చెప్పేది రెండవది, అదే సి.ఎస్.ఎస్. స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయంలో పనిచేస్తూ టిమ్ బర్నర్స్ లీ 1989లో వెబ్‌కు మొదటి ప్రతిపాదన వ్రాసినాడు. తొలి రోజులలో పుట రూపాన్ని నిర్ణయించడానికి వ్రాసేవారికి సరియైన సాధనం లేదు. అదే సెర్న్‌లో పనిచేసిన నార్వే దేశీయుడు హోకన్ వియమ్ లీ 1994 అక్టోబరు 10వ తేదీన ఈ శైలీ నియమాల పద్ధతిని ప్రతిపాదించినాడు. డచ్చి దేశీయుడు బర్ట్ బోస్ ఆయనతో కలిసి పనిచేసినాడు. 1996 డిసెంబరు 17న మొదటి ప్రమాణం వెలువడినది.

ఈ పేరులోని మొదటి మాట 'క్యాస్కేడింగ్'. మెట్టు మెట్టుగా దిగివచ్చే జలపాతం అని దాని భావం. నియమాలు ఒక చోటినుండి కాక మూడు చోట్లనుండి దిగివస్తవి: బ్రౌజరు చెప్పేవి కొన్ని, పుటను అల్లినవారు చెప్పేవి కొన్ని, చదివేవారు కోరుకొనేవి కొన్ని. ఈ మూడవ మాట గమనించదగినది. చదివేవాడు తన కంటికి తగినట్లు అక్షరాలు పెంచుకొనవచ్చునని, అల్లినవాని ఇష్టానికీ చదివేవాని ఇష్టానికీ పొత్తు కుదర్చవలెనని 1994నాటి ఆ మొదటి ప్రతిపాదనలోనే ఉన్నది. కనుక పెద్దమ్మ ఫోనులో అక్షరాలు పెద్దవి కావడం పుటకు జరిగిన ప్రమాదం కాదు. పుట ముందుగానే ఎదురుచూడవలసిన అతిథి అది.

ఇప్పుడు ఒక మీట తెరమీద ఎంత చోటు ఆక్రమిస్తుందో చూడండి. ఒక చేనిని తలచుకొనండి. నడుమ పైరు ఉన్నది. పైరుకూ గట్టుకూ మధ్య కొంత చోటు వదలినారు. ఆపైన గట్టు. గట్టు వెలుపల, పక్క చేనికి మధ్య, నడిచే బాట. మీటకూ ఇవే నాలుగు భాగాలు. పైరు వంటిది దానిమీది మాట. మాటకూ అంచుకూ నడుమనున్న చోటు ప్యాడింగ్. గట్టు బోర్డర్. వెలుపలి బాట మార్జిన్. మీటలు ఇరుకుగా ఉన్నవంటే రెండు విధాలు: లోపల ప్యాడింగ్ చాలకపోతే అక్షరం గోడకు గుద్దుకొంటుంది, వెలుపల మార్జిన్ చాలకపోతే ఒక మీట మరొక మీటకు గుద్దుకొంటుంది. ఏ ఇరుకు ఎక్కడిదో తెలియకుండా కొలతలు మార్చేవారు గట్టు జరపవలసిన చోట పైరు నరుకుతారు.

ఒక మీటను చక్కగా గీయడం సులభం. రెండు మూడు మీటలను ఒక వరుసలో నిలపడమే చాలకాలం కష్టమైన పని. మొదటి పదేండ్లలో పుటలు అల్లినవారు పట్టికలు గీసి, వాటి గళ్ళలో వస్తువులు దాచేవారు. తరువాత 'ఫ్లోట్' అన్న నియమంతో నెట్టుకొనివచ్చినారు. బొమ్మ ఒక పక్కన ఉండగా దాని చుట్టూ మాటలు పారడానికి పుట్టిన నియమం అది. దానితో పుట అంతటినీ నిలబెట్టబోయినారు. నీళ్ళు పారించే కాలువను గోడగా వాడినట్లయినది. ఇక నిలువునా నడుమకు తేవడం మరీ కష్టం. పైనుండి ఇన్ని పిక్సెళ్ళు అని లెక్కవేసి త్రోసేవారు. ఆ లెక్క వేసిన తెరమీద అది సరిగానే ఉండేది. మరొక తెరమీద, మరొక అక్షరంతో, ఆ లెక్క తప్పేది.

ఇందులోని తప్పు లెక్కలో లేదు, పద్ధతిలో ఉన్నది. ఒక్కొక్క వస్తువునూ పట్టుకొని ఇక్కడ నిలు, అక్కడ నిలు అని త్రోయడం ఆ పద్ధతి. మన రైతు గింజలను అట్లా వేయడు. గొర్రుకు పళ్ళు సమదూరంలో బిగించి ఉంటవి. రైతు గొర్రు తోలుకొంటూ పోతాడు. సాళ్ళ నడుమ ఎడం దానంతట అదే సమానంగా పడుతుంది. చేను పొడవైనా పొట్టిదైనా ఆ ఎడం మారదు. కొలత గింజలో లేదు, గొర్రులో ఉన్నది.

2009లో మొదటి చిత్తుప్రతిగా వెలువడి, తరువాతి ఐదారేండ్లలో బ్రౌజర్లన్నింటికీ ఎక్కిన ఫ్లెక్స్‌బాక్స్ అన్న పద్ధతి ఈ గొర్రు వంటిది. ఇందులో మీటలకు ఏమీ చెప్పము. మీటలనుంచిన పెట్టెకు చెబుతాము. 'డిస్‌ప్లే ఫ్లెక్స్' అంటే, లోపలి వస్తువులను ఒక సాలులో నిలుపుమని. సాలు పోయే దిక్కు ఒకటి, దానికి అడ్డముగా ఉన్న దిక్కు ఒకటి. సాలు వెంబడి ఎక్కడ చేరవలెనో 'జస్టిఫై కంటెంట్' చెబుతుంది: మొదట చేరవచ్చును, నడుమ చేరవచ్చును, చివరకు చేరవచ్చును, లేదా ఉన్న చోటును తమ మధ్య సమానంగా పంచుకొనవచ్చును. అడ్డదిక్కున ఎట్లా నిలవవలెనో 'అలైన్ ఐటమ్స్' చెబుతుంది. వాటి మధ్య ఎడం ఎంత అన్నది 'గ్యాప్' చెబుతుంది. ఫ్లెక్స్ వరుసలో ఈ గ్యాప్ వాడుకొనే వీలు 2021 నాటికి గాని ప్రధానమైన బ్రౌజర్లన్నింటిలో కుదరలేదు. చోటు చాలకపోతే తరువాతి వరుసకు దిగుమని 'ఫ్లెక్స్ ర్యాప్' చెబుతుంది. పెద్దమ్మ చూచిన పుటలో ఈ చివరి మాట చెప్పి, పెట్టె ఎత్తును బిగించకుండా వదలి ఉంటే, 'సమర్పించు' క్రింది వరుసలో నిలిచి ఉండేది. అందం కొంచెం తగ్గి ఉండేదేమో. పని ఆగి ఉండేది కాదు.

ఒకే వరుసకు ఫ్లెక్స్‌బాక్స్ చాలును. వరుసలూ నిలువులూ రెండూ కావలసినప్పుడు, అనగా ఎడమ పక్క 'పేరు', 'ఊరు', 'పొలం నంబరు' అన్న మాటలు, కుడి పక్క వాటికి గడులు ఒకదాని క్రింద ఒకటి కుదరవలసినప్పుడు, గ్రిడ్ అన్న పద్ధతి మేలు. 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడును దీనిని ఒకే నెలలో అందించినవి. ధర్మవరంలో చీరకు నమూనా ముందు గడుల కాగితం మీద గీస్తారు. ఏ గడిలో రంగు పడవలెనో గుర్తిస్తారు. ఆ గుర్తులే జకార్డు అట్టలమీద రంధ్రాలవుతవి. లేపాక్షి లతామండపపు స్తంభాలమీది అల్లికలను చూచి అంచులకు వాడుకొనే నేతగాండ్రకు ఈ గడుల లెక్క చేతివాటం. 2022 ఏప్రిల్‌లో మన జిల్లా రెండైన తరువాత ధర్మవరమూ లేపాక్షీ శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినవి గాని, ఆ చేతివాటం మనందరిదీను.

గ్రిడ్‌లో ఇన్ని భాగాలు దీనికి, ఇన్ని భాగాలు దానికి అని పంచవచ్చును. వేరుశనగలో అంతరపంటగా కంది వేసేటప్పుడు ఏడు సాళ్ళ కాయకు ఒక సాలు కంది అంటాము గదా. ఎకరం అయినా పది ఎకరాలు అయినా ఏడుకు ఒకటి అన్న పాలు మారదు. తెర వెడల్పు మారినా పాలు మారకుండా నిలిచేటట్లు చెప్పడమే గ్రిడ్‌లోని సులువు. ఇంతకాలం అందరినీ వేధించిన నిలువు నడుమ సంగతి కూడా ఇప్పుడు తేలికైనది. ఫ్లెక్సూ గ్రిడ్డూ లేని మామూలు పెట్టెకు సైతం 'అలైన్ కంటెంట్ సెంటర్' అన్న ఒక్క పంక్తి చాలునని 2024లో ప్రధానమైన బ్రౌజర్లు అంగీకరించినవి. ఒకప్పుడు ఇరవై పంక్తులలో చేసిన పని అది.

ఇంతవరకు చెప్పినది ఏ దేశపు పుటకైనా చెల్లుతుంది. ఇక మన సంగతి వేరుగా చెప్పవలసి ఉన్నది. తెలుగు అక్షరం ఒక గీత మీద నిలిచి ఊరుకొనేది కాదు. తలకట్టు, గుడి, ఏత్వం, ఐత్వం అని పైకి పోతుంది. వత్తులు, వట్రసుడి అని క్రిందికి దిగుతుంది. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం లభించినది. అందుచేత మన అక్షరం ఏ తెరమీదనైనా పుట్టగలదు. కాని పుట్టిన అక్షరానికి నిలిచే చోటు పుట అల్లినవారే ఇవ్వవలెను. ఇంగ్లీషు మాటకు సరిపోయిన ఎత్తులో తెలుగు మాట పెడితే తలో తోకో తెగుతుంది. తల తెగితే చదవడం కష్టం. వత్తు తెగితే మాటే మారుతుంది. 'గడ్డి' కావలెనని అడిగిన రైతుకు 'గడి' కనబడుతుంది. 'పన్ను' కట్టుమన్న చోట 'పను' అని ఉంటుంది. 'వద్దు' అన్న మాట 'వదు' అవుతుంది. తెలుగులో వత్తు అలంకారం కాదు, ప్రాణం.

సీసపు అచ్చుల కాలంలో మన ముద్రణాలయాలలోని కంపోజిటర్లు ఈ సంగతి బాగుగా ఎరిగినవారు. పై పంక్తిలోని వత్తులు క్రింది పంక్తిలోని గుడులకు తగలకుండా నడుమ సన్నని సీసపు బద్దలు ఇరికించేవారు. ఆ సీసానికి ఇంగ్లీషు పేరైన లెడ్డు నుండియే లెడ్డింగు అన్న మాట వచ్చినది. సి.ఎస్.ఎస్.లో దీనికి సరియైనది 'లైన్ హైట్'. దీనిని పిక్సెళ్ళలో బిగించక, అక్షరానికి ఇన్ని రెట్లు అని చెబితే, అక్షరం పెరిగినప్పుడు చోటు కూడా పెరుగుతుంది. తెలుగుకు ఒకటిన్నర రెట్లకు తగ్గించకుండా ఉండడం మంచిది. వత్తుమీద వత్తు వచ్చే మాటలు దట్టమైన చోట మరికొంచెం పెంచవలెను.

దీనినిబట్టి మీటల విషయంలో మూడు జాగ్రత్తలు ఏర్పడుచున్నవి. ఒకటి: మీటకు ఎత్తు ఇంతే అని శాసించరాదు, ఇంతకు తక్కువ కాకూడదని మాత్రమే చెప్పవలెను. 'హైట్' అనక 'మిన్ హైట్' అనవలెను. తక్కిన చోటు ప్యాడింగ్ చూచుకొంటుంది. రెండు: వెడల్పును ఇంగ్లీషు మాట చూచి నిర్ణయించరాదు. అక్కడ ఆరు అక్షరాలలో ముగిసిన మాటకు ఇక్కడ రెండు మాటలు కావచ్చును. మీట తన మాటనుబట్టి తానే వెడల్పు కావలెను. మూడు: ఒక్క మాటను ముందుంచుకొని కంటి అంచనాతో పైకి క్రిందికి జరపరాదు. 'సరే' అన్న మాటకు క్రింద వత్తు లేదు. 'రద్దు' అన్న మాటకు ఉన్నది. 'సరే'ను కంటికి నడుమ అనిపించేటట్లు జరిపి, అదే కొలత 'రద్దు'కు వాడితే వత్తు గోడను తాకుతుంది. అక్షరాలు నిలిచే గీతను, బేస్‌లైన్ అంటారు దానిని, వరుసలోని మాటలన్నింటికీ ఒకటిగా ఉంచితే చాలును. వత్తులు దిగేవి దిగుతవి, గుడులు ఎక్కేవి ఎక్కుతవి, వరుస చెడదు. మాట ఒక కొలతలో, దాని పక్కనున్న అంకెలు మరొక కొలతలో ఉన్నప్పుడు 'అలైన్ ఐటమ్స్ బేస్‌లైన్' అన్న నియమం వాటిని ఒకే గీత మీద నిలబెడుతుంది.

చేతివేలి సంగతి కూడా మరువరాదు. కంప్యూటరు ముందు కూర్చున్నవాడు మౌసు అనే సూదిమొనతో నొక్కుతాడు. పొలం గట్టుమీద నిలిచినవాడు కాయలు పీకిన బొటనవ్రేలితో నొక్కుతాడు. వెబ్ అందరికీ అందుబాటులో ఉండడానికి ప్రపంచ వెబ్ సంఘం మార్గదర్శక సూత్రాలు వెలువరించినది. 2008 డిసెంబరులో వచ్చిన రెండవ కూర్పులోనే, అక్షరాలను రెండింతలు చేసినా విషయం గాని పని గాని పోకూడదని ఉన్నది. 2018లో వచ్చిన కూర్పు, నొక్కవలసిన చోటు 44 పిక్సెళ్ళ పొడవూ 44 పిక్సెళ్ళ వెడల్పూ ఉండడం ఉత్తమమని చెప్పినది. 2023 అక్టోబరులో వచ్చిన కూర్పు, కొన్ని మినహాయింపులతో, 24కు తగ్గరాదని అంతకంటె క్రింది మెట్టులోనే చేర్చినది. ఈ పిక్సెళ్ళు సి.ఎస్.ఎస్. వారి కొలతలు, తెరను బట్టి వాటి అసలు పరిమాణం కొంచెం మారుతుంది.

పరిమాణం ఒక్కటే చాలదు, ఎడం కూడా కావలెను. మా స్టూడియోలో మైకు తెరిచే మీట, ప్రసారం కత్తిరించే మీట పక్కపక్కనే ఉండవు. పొరపాటున చేయి పడకుండా దూరంగా ఉంచుతారు. పుటలో 'సమర్పించు', 'రద్దు' రెండూ ఒకే రంగులో, ఒకే కొలతలో, భుజం భుజం రాసుకొని నిలవడం ఎందుకు? 'రద్దు'ను సాలు ఆ చివరకు పంపడానికి 'మార్జిన్ ఆటో' అన్న ఒక్క మాట చాలును. మధ్యనున్న చోటంతా అది తన పక్కన వేసికొంటుంది. వరుస క్రిందికి విరిగినప్పుడు కూడా ముఖ్యమైన మీట ముందే కనబడేటట్లు మొదట వ్రాయవలెను. నింపినది తుడిచివేసే ముందు, నిజముగా తుడువమంటారా అని ఒక మాట అడగడం మర్యాద. అది సి.ఎస్.ఎస్. పని కాకపోయినా, వరుసను గూర్చి ఆలోచించినవాడు దానిని గూర్చి కూడా ఆలోచిస్తాడు.

రేడియో ఉద్యోగిగా నాకు అన్నింటికంటె దగ్గరైన సంగతి చివరకు ఉంచినాను. కన్నులు లేనివారు కూడా వెబ్ పుటలు వాడుచున్నారు. వారి ఫోనులో ఒక గొంతు పుటను చదివి వినిపిస్తుంది. సి.ఎస్.ఎస్.లో 'ఆర్డర్' అన్న నియమం ఉన్నది. దానితో మూడవ మీటను మొదటి చోట చూపవచ్చును. అది కంటికి మాత్రమే చూపుతుంది. చదివే గొంతు మాత్రం పుటలో వ్రాసిన వరుసలోనే చదువుతుంది. కంటికి ఒక వరుస, చెవికి ఒక వరుస అయితే, చూడలేనివారికి ఆ పుట దారి తప్పిస్తుంది. కనుక వరుసను ముందు వ్రాతలోనే సరిచేసి, తరువాత రూపానికి రావలెను. ఒక ప్రసంగాన్ని చూడకుండా విన్నా అర్థమయ్యేటట్లు వ్రాయవలెనని మాకు మా వృత్తిలో మొదటి దినమే చెబుతారు. పుటలు అల్లేవారికి కూడా ఆ పరీక్ష పనికివస్తుంది.

మన ఊరి ఇంజనీరింగు కళాశాల 1946లో వెలిసినది. దాని పునాదిమీద 2008లో సాంకేతిక విశ్వవిద్యాలయం నిలిచినది. అక్కడా, జిల్లాలోని ఇతర కళాశాలలలోనూ చదివే పిల్లలు అనేకులు ఈ విద్య నేర్చుచున్నారు. ఈ ప్రసంగం వినే ఇండ్లలో అటువంటివారు ఉండవచ్చును. వారికి నా మనవి ఒక్కటే. మీరు అల్లిన పుటను గాజుపలక వంటి పెద్ద తెరమీద చూచి తృప్తి పడకండి. ఒక చిన్న ఫోను తీసికొనండి. అందులో అక్షరాలను రెండింతలు చేయండి. భాషను తెలుగుకు మార్చండి. మీటలమీద వత్తులున్న మాటలు వ్రాయండి. ఎండలో నిలబడి, మీ అవ్వ చేతికి ఇచ్చి చూడండి. ఆమె అడుగక ముందే ఏది నొక్కవలెనో ఆమెకు తెలిసినదా, లేదా? ఆ జవాబులో మీ చదువు ఎంతవరకు ఒంటబట్టినదో తెలుస్తుంది.

మొన్న పెద్దమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు ఇట్లా ఒక ప్రసంగం చేయబోతున్నానని చెప్పినాను. ఆమె నవ్వి, "నేను తప్పు ఒత్తినానని ఊరందరికీ చెప్తావా నాయనా?" అన్నది. తప్పు ఆమెది కాదని చెప్పడానికే ఈ ప్రసంగం. ఎర్రనేలలో గింజకు చోటు ఇచ్చి, ఎడం ఇచ్చి, సాలు తప్పకుండా విత్తిన చేయి అది. ఆ చేతికి తెరమీద ఒక మీట, దానిమీది మాటకు ఒక వత్తు పట్టేంత చోటు ఇవ్వడం మనకు భారం కాదు.